బొమ్మకు మారువేషము

శూద్రకుని మృచ్ఛకటికనాటకములో చారుదత్తుని కుమారుడు రోహసేనుడు ఏడ్చుచు రంగస్థలముపైకి వచ్చును. పొరుగింటి బాలునికి బంగారుబండి కలదు. తనకు దాసి చేసియిచ్చినది మట్టిబండి. వసంతసేన ఆ పిల్లవాని కన్నీరు చూడలేక, తన యొడలి నగలు తీసి ఆ మట్టిబండిలో నింపి, వీనితో బంగారుబండి చేయించుకొనుమని చెప్పును. నాటకమునకు పేరు వచ్చినది ఆ బండివలననే. ఆ నగలు తరువాత ఎంత యనర్థమునకు సాక్ష్యములైనవో చదివినవారెరుగుదురు. అక్షరార్థమున చూచినచో అవి క్రొత్తబండికి వెల మాత్రమే. కాని ప్రేక్షకుని కన్నులకు కనబడునది క్రొత్తబండి కాదు. నగలతో మెరయుచున్న పాత మట్టిబండియే.

ఉన్న ఆటవస్తువును విడిచిపెట్టక, దానిపైననే పనిచేసి మరియొకటిగా మార్చు విద్యనుగూర్చి ఇచట ముచ్చటింపదలచితిని. నేటి యువకులు కొందరు అంగడిలో కొన్న ప్లాస్టిక్ వీరునిబొమ్మను విప్పి, తల యొకదానిది, చేతులు మరియొకదానివి చేర్చి, మైనమువంటి ముద్దతో కవచము దిద్ది, క్రొత్తరంగులు పూసి తమకిష్టమైన పాత్రను సృష్టించుకొనుచున్నారు. దీనికి కస్టమైజింగ్ అని పేరు. ఇది కేవలము అమెరికా నుండి దిగుమతియైన సరదా యని పెద్దలు పలువురు భావింతురు. నాకట్లు తోచదు. పేరు క్రొత్తదే కాని, పని మన అటకమీది బొమ్మలపెట్టెయంత పాతది.

కదలు బొమ్మలు ముందు వచ్చినవా, కదలని బొమ్మలు ముందు వచ్చినవా యన్నచో చెప్పుట కష్టము. మొహెంజొదారో త్రవ్వకములలో తల యాడించు ఎద్దుబొమ్మ దొరికినది. మట్టితో తల వేరుగా, మొండెము వేరుగా చేసి, దారముతో కూర్చినారు. గ్రీకుదేశమున క్రీస్తునకు పూర్వము అయిదవ శతాబ్దినాటికే భుజములకును తొడలకును కీళ్ళుగల మట్టిబొమ్మలు ఆడపిల్లల చేతులలోనుండెను. మన తోలుబొమ్మలాటలో ఈ కీళ్ళవిద్య పరాకాష్ఠకు చేరినది. తోలును శుభ్రపరచి, పలుచన చేసి, రంధ్రములు తొలిచి, ఇరుప్రక్కల రంగులువేసి, భుజముకడను మోచేతికడను దారపుముడులతో కూర్చెదరు. ముడి బిగువైనచో చేయి యాడదు. వదులైనచో భీముని గద నేల వ్రాలును. ఆటగాడు ప్రతి యాటకు ముందును ముడులను సరిచూచుకొనును. చినిగినచోట తోలుతునుక యతికించును, వెలసినచోట మరల రంగు వేయును. తోలుబొమ్మ యొకనాడు పుట్టి యట్లే నిలిచియుండునది కాదు. దానిపై చేయి తిరుగుచునే యుండును.

ఇక ఇంటిలోని మాట. కోస్తాజిల్లాలలో సంక్రాంతికి బొమ్మలకొలువు పెట్టు కుటుంబములు కలవు. కొందరు దసరాకు పెట్టుదురు. ఏటేట ఒక క్రొత్తబొమ్మనైనను చేర్చవలెనను నియమము పలుయిండ్లలో నున్నది. కాని కొలువుయొక్క అసలు శ్రమ ఆ క్రొత్తబొమ్మలో లేదు, పాతవానిలోనున్నది. పండుగకు పదిదినములు ముందు పెట్టె దింపి, గడ్డి తీసి, పాతగుడ్డల చుట్టలు విప్పినప్పుడు నష్టములన్నియు బయటపడును. శెట్టిగారి ముక్కు విరిగియుండును. గొల్లభామ తలమీది కడవ యూడియుండును. రాముని పచ్చదనము వెలసిపోయి, ఆయన ఎవరో పోల్చుకొనుటకు ప్రక్కన సీతమ్మను చూడవలసివచ్చును.

అపుడు ఇంటి ఆడవారు చేయు వైద్యమును గమనింపుడు. చింతపిక్కలను వేయించి, పైపెచ్చు నొలిచి, నానవేసి, రుబ్బి, నీటిలో ఉడికించి జిగురు తీయుదురు. విరిగిన ముక్కునకు ఆ జిగురులో రంపపుపొట్టు కలిపిన ముద్ద చాలును. పెద్ద లోపమైనచో పాతకాగితములు నానవేసి, మెంతులతో కలిపి రుబ్బిన గుజ్జును వాడుదురు. చాటలకును తట్టలకును మెత్తునది అదియే. ఆరిన తరువాత గరుకుతీసి, సున్నపుపూత పూసి, రంగు దిద్దుదురు. పట్టుచీర అంచు చింపి పంచె కట్టుదురు. జరీపోగుతో జంధ్యము వేయుదురు. పూసలతో కిరీటము కట్టుదురు. నిరుడు పెండ్లికూతురైన చెక్కబొమ్మ ఈయేడు పసిబిడ్డ నెత్తుకొనిన తల్లి యగుట కలదు. బొమ్మలపెండ్లి ఆడు పిల్లలు గుడ్డబొమ్మను ఉదయము వరునిగాను, సాయంకాలము పురోహితునిగాను మార్చుట మనమెరుగనిది కాదు. ఇంతటి పనికి వాడిన పనిముట్లు సూది, కత్తెర, పొత్రము, కుంచె. ఈ నైపుణ్యమునకు ఎవరును పేరు పెట్టలేదు, బహుమానమీయలేదు. చేసినవారును దీనిని విద్యయని తలపలేదు. చరిత్రకారులు రాజుల నాణెములను లెక్కించినంత శ్రద్ధగా ఈ కొలువుల మరమ్మతులను గమనించియుండిన బాగుండెడిది.

బొమ్మను భాగములుగాచేసి కూర్చుట మన వృత్తికారుల పద్ధతియే. కృష్ణాతీరమున కొండపల్లిలో తెల్లపొణికికర్రతో బొమ్మలు చేయుదురు. కర్ర మిక్కిలి తేలికైనది, ఉలికి మెత్తగా లొంగునది. మొదట కర్రలోని చెమ్మ పోవునట్లు సన్నని సెగకు కాచెదరు. మొండెమొకటి, చేతులు వేరు, తలపాగా వేరు, తాటిచెట్టు వేరు, చెట్టెక్కు గీతగాని కాళ్ళు వేరు. వీనినన్నిటిని చింతపిక్కల జిగురు, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికి, ఆకురాతితో అరగదీసి, సున్నముపూసి, మేకవెండ్రుకల కుంచెతో రంగులు దిద్దుదురు. అనగా ఒకే మొండెము చేతులు మార్చినచో ఒకమారు దంపుడుకత్తె, ఒకమారు చల్ల చిలుకు ఇల్లాలు. నేడు అమెరికాబాలుడు తన బల్లమీద చేయుచున్న పని యీ మక్కుపనికి చాల దూరములో లేదు. తమ పూర్వులు పదునారవ శతాబ్దిలో రాజస్థానమునుండి వచ్చిరని కొండపల్లి పనివారు చెప్పుకొందురు.

మన ఉత్తరాంధ్రమున బొమ్మయనిన ముందు జ్ఞాపకమునకు వచ్చునది లక్కబొమ్మ. గరివిడి రైలుస్టేషనులో నిలుచుండి దక్షిణముగా చూచినచో ఆ పట్టాలు నెల్లిమర్ల, విజయనగరము, విశాఖపట్టణము దాటి నర్సీపట్నం రోడ్డు స్టేషనుకు చేరును. దాని చేరువనే వరాహనది యొడ్డున ఏటికొప్పాక కలదు. నేడది అనకాపల్లి జిల్లాలోనిది. విజయనగరమున పైడితల్లి సిరిమానోత్సవము, అనగా విజయదశమి తరువాతి మంగళవారమున జరుగు జాతర, చీపురుపల్లి కనకమహాలక్ష్మి జాతర మొదలైన తిరునాళ్ళలో పిల్లలు పేచీపెట్టి కొనిపించుకొను లక్కపిడతలు ఆ కోవకు చెందినవే: చిన్నికుండ, చిన్నిపొయ్యి, చిన్నిరోలు.

ఏటికొప్పాకపని కొండపల్లిపనికి పూర్తిగా భిన్నము. ఇచటి కర్ర అంకుడు. దానిని తరిణెపై పట్టుదురు. పూర్వము ఒకరు త్రాటిని ముందునకు వెనుకకు లాగుచుండగా మరియొకరు ఉలిపట్టెడివారు. తరువాత విద్యుచ్ఛక్తి వచ్చినది. తిరుగుచున్న కర్రకు రంగుకలిపిన లక్కకడ్డీని ఆనించినచో రాపిడివేడికి లక్క కరగి కర్రనంటుకొనును. పిదప మొగలియాకుతో రుద్దినచో అద్దమువంటి మెరుపు వచ్చును. కుంచె లేదు, ఆరబెట్టుట లేదు. ఇందుచేత ఒక విచిత్రము కలిగినది: ఏటికొప్పాకబొమ్మను ఇంటిలో మార్చుట కష్టము. లక్కపై నీటిరంగు సరిగా నిలువదు. స్పిరిటు తగిలినచో లక్కయే కరగును. దానిని మార్చగోరువారు స్పిరిటుగుడ్డతో తుడిచి, కర్ర బయటపడిన తరువాతనే మొదలు పెట్టవలెను. తరిణెపై పుట్టినది తరిణెమీదనే మారవలెను. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసదుంగను తొలిచి ఏకాండివీణలు చేయువారు బహుమానమునకై చిన్ని వీణలను కూడ చేయుచుందురు. ఆ చిన్నివీణలు కొలువులోని సరస్వతి చేతికి అందము తెచ్చును. బొమ్మకంటె వీణ పెద్దదైనను పిల్ల లాక్షేపింపరు.

గరివిడి పేరు వచ్చినది కనుక ఇంకొక్క మాట. ఈ ప్రాంతము ప్రసిద్ధికెక్కినది బొమ్మలవలన కాదు, మాంగనీసు ఖనిజమువలన. భారతదేశమున మాంగనీసు త్రవ్వకము 1892లో ఈ ఉత్తరాంధ్రభాగముననే మొదలైనది. తరువాత గరివిడికి చేరువనున్న శ్రీరాంనగరులో ఫెర్రో అల్లాయిస్ కర్మాగారము వెలసి, ఉక్కుపరిశ్రమకు కావలసిన ఫెర్రోమాంగనీసును తయారుచేసినది. ఉక్కును గట్టిపరచు ఈ నల్లరాయికి మరియొక పాతచరిత్ర కలదు. వేల సంవత్సరములక్రిందట కుమ్మరులు కుండలపై నల్లగీతలు గీయుటకు ఇనుము, మాంగనీసు కలసిన మన్నునే వాడిరి. చిత్రకారుల అంబరు అను ముదురుగోధుమరంగులో నేటికిని మాంగనీసున్నది. బొమ్మకు జుట్టురంగు వేయుచున్నవాడు, ఆ రంగునకు మూలమైన రాయి తన ఊరి నేలలోనిదే కావచ్చునని తలచుకొనినచో తప్పులేదు.

ఇప్పుడు ప్లాస్టిక్ వీరుని చరిత్రకు వత్తము. 1964లో అమెరికాలో హాస్బ్రో కంపెనీ జి.ఐ. జో అను సైనికునిబొమ్మను విడుదల చేసినది. దాదాపు పన్నెండంగుళముల పొడవు, ఇరువదియొక్క కదలు భాగములు, తొడిగి విప్పదగిన ఉడుపులు. మగపిల్లలు డాల్‌తో ఆడరని అప్పటి వర్తకుల భయము. అందుచే ఆ మాటను నిషేధించి, యాక్షన్ ఫిగర్ అను క్రొత్తపేరు కల్పించిరి. వస్తువు బొమ్మయే, పేరుమాత్రము వేరు. మన గుడ్డబొమ్మలను మగపిల్లలు మాటుగా ఆడుకొనునప్పుడు ఇంతటి యోచన ఎవరును చేయలేదు. 1977లో స్టార్ వార్స్ చలనచిత్రము వచ్చినపుడు కెన్నర్ కంపెనీవారు క్రిస్మసు పండుగ నాటికి బొమ్మలు సిద్ధముచేయలేక, బొమ్మలు లేని అట్టపెట్టెలో వాగ్దానపత్రము పెట్టి అమ్మిరి. 1978లో బొమ్మలు వచ్చినవి. అవి మూడుముప్పాతిక యంగుళములవి, జేబులో పట్టును. ఆ కొలతయే అటుపిమ్మట వాడుకయైనది. 1982లో జి.ఐ. జో కూడ ఆ చిన్న కొలతకే దిగినాడు.

భారతదేశమున ఈ బొమ్మలను తెచ్చినది ఫన్‌స్కూల్. 1987లో ఎం.ఆర్.ఎఫ్., హాస్బ్రో కలసి స్థాపించిన సంస్థ యది, కేంద్రము మదరాసు. విదేశపు అచ్చులతో ఇచట పోసిన జి.ఐ. జో బొమ్మలలో కొన్ని మూలమునకు భిన్నమైన రంగులతో వచ్చినవి. విదేశములోని సేకర్తలు నేడు వానిని ప్రత్యేకముగా వెదకి కొనుచున్నారు. మన పిల్లలు ఆ రంగులే సహజమనుకొని యాడుకొనిరి. అచ్చు ఒకరిది, రంగు మరియొకరిది యైనప్పుడు కర్మాగారమే బొమ్మకు మారువేషము వేసినదనవచ్చును.

చిన్న జి.ఐ. జో యొక్క నిర్మాణము మార్పుపనికి తానే దారిచూపినది. వీపుమధ్య ఒక చిన్న మరమేకు కలదు. దానిని సన్నని స్క్రూడ్రైవరుతో విప్పినచో ఛాతీ రెండు పెంకులుగా విడివడును; చేతులు, తల యూడివచ్చును; నడుములో నల్లని రబ్బరువలయము మొండెమును కాళ్ళ కొక్కెముతో బిగించియుండును. ఆ వలయమే ఈ బొమ్మకు ప్రాణము. కొన్నియేండ్లకది ఎండి తెగును. తెగగానే వీరుడు రెండుగా పడిపోవును. అది చచ్చినదని పారవేసిన ఇండ్లెన్నో. కాని గొట్టముల సామానమ్ము దుకాణములో దొరకు సన్నని రబ్బరురింగు కొలతకు సరిపోయినచో వీరుడు మరల లేచి నిలుచును. ఈ రహస్యము తెలిసిన పిల్లవాడు అంతటితో ఆగడు. ఒకని ఛాతీకి మరియొకని చేతులు తగిలించును. మార్పువిద్య చాలమందికి మరమ్మతుతోనే ఆరంభమైనది. కొలువుబొమ్మ విషయమున జరిగినదియు ఇదియే.

పనివిధానమును గూడ చెప్పవలెను. ముందుగా బొమ్మను సబ్బునీటితో కడుగవలెను. అచ్చునుండి వచ్చిన నూనెజిడ్డు ఉన్నంతవరకు రంగు పట్టదు. తల యూడని బొమ్మయైనచో వేడినీటిలో కొంతసేపుంచినచో మెత్తని ప్లాస్టిక్ లొంగును. ఈ పని పెద్దలు దగ్గరనుండి చేయింపవలెను. పాతరంగును గరుకుకాగితముతో మెల్లగా తీయవలెను. క్రొత్తగా జుట్టు, అంగీ, కవచము కావలెనన్న రెండుపాళ్ళుగా వచ్చు ఎపాక్సీముద్దను వాడుదురు; నీటిగొట్టము కారినపుడు మనము పెట్టు ఎం-సీల్ ఆ జాతిదే. రెంటిని సమముగా తీసి, రంగు ఒకటియగువరకు పిసికి, తడివేలితో దిద్ది, అగ్గిపుల్లతో గీతలు గీచి వదలినచో రాయివలె గట్టిపడును. మిక్కిలి మందముగా పెట్టినచో కీలు కదలదు. కావున కీలుకడ సందు విడువవలెను. తోలుబొమ్మ ముడిని గురించి చెప్పినది ఇచటను వర్తించును. ఆపైన తెల్లని పలుచని తొలిపూత, దానిపై అక్రిలిక్ రంగు. ఒక్కమారు దట్టముగా పూయుటకంటె రెండుమూడు పలుచని పూతలు మేలు. కన్నులు చివర దిద్దవలెను. కుంచె కొన లావైనచో గుండుసూది చాలును. కొలువుబొమ్మకు కాటుక దిద్దిన చేతికి ఇది నేర్పనక్కరలేదు.

చింతపిక్కల జిగురు స్థానమున ఎపాక్సీ వచ్చినది, సున్నము స్థానమున తొలిపూత వచ్చినది. ఇంతవరకు చెప్పుకొన్నచో ఇది వట్టి వినోదము. కాని రంగుయొక్క చరిత్రలో ఒక చేదు కలదు. చంటిపిల్లలు బొమ్మను చూచుటకంటె ముందు నోటిలో పెట్టుకొందురు. సీసము కలిసిన రంగు దేహములో చేరినచో పిల్లల మెదడు పెరుగుదలకు హాని. ఆ హాని ఒకేమారు కనబడదు. కనబడునప్పటికి సరిదిద్దుటకు వీలుండదు. 2007లో లోకప్రసిద్ధమైన మాటెల్ కంపెనీయే, సీసమున్న రంగు కారణమున, అమ్మిన బొమ్మలను వెనుకకు పిలుచుకొనవలసివచ్చినది. మన దేశమున ఇంటిరంగులలో సీసము పదిలక్షలకు 90 పాళ్ళు మించరాదను నిబంధన 2016లో ప్రకటితమై 2017లో అమలునకు వచ్చినది. అంతకుముందు కొన్న డబ్బా అటకమీద మిగిలియున్నచో దానిని బొమ్మకు పూయరాదు. పాతబొమ్మ రంగును పొడిగా గీకి దుమ్ము లేపుటయు మంచిది కాదు. తడిపి రుద్ది, ఆ గుడ్డను పారవేయవలెను. పసిపిల్ల నోటికందు బొమ్మకు ఎపాక్సీయు, గుండుపూసలును వలదు.

ఏటికొప్పాక కూడ ఈ రంగులపరీక్షకు నిలువవలసివచ్చినది. పూర్వపు చెట్టురంగులు పోయి, చవకైన రసాయనపురంగులు ప్రవేశించినవి. గత శతాబ్దపు చివరి దశకములలో ఆ గ్రామమునకే చెందిన సి.వి. రాజుగారు విత్తనములు, బెరళ్ళు, వేళ్ళు, ఆకులనుండి రంగులు తీయు పద్ధతిని మరల పరిశోధించి, పనివారిచే వాడించిరి. పసుపురంగు పసుపునుండియే, నీలము నీలినుండియే. వన్నెలు కొంచెము తగ్గినవని పెదవి విరచినవారుండవచ్చును. కాని ఆ బొమ్మను పాప నోటిలో పెట్టుకొనినను తల్లి గుండె ఆగదు. ఏటికొప్పాకబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. రాజుగారికి 2023లో పద్మశ్రీ యిచ్చిరి. 2025 గణతంత్రదినోత్సవమున ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటముపై ఊరేగినవి ఈ బొమ్మలే.

ఆటబొమ్మల నాణ్యతకు ప్రమాణముద్ర తప్పనిసరి యను ఉత్తరువు 2021 జనవరి 1 నుండి అమలైనపుడు చేతిపనివారి గుండెలలో రాయి పడినది. పరీక్షశాలకు రుసుము కట్టి, ఒక్కొక్క నమూనాను పంపుటకు తరిణెపనివానికి శక్తి యెక్కడిది? హస్తకళల శాఖలో నమోదైన పనివారికిని, భౌగోళిక గుర్తింపుగల వస్తువులకును ఆ నియమమునుండి మినహాయింపు ఇచ్చుటచే ఆ భయము తొలగినది. దానితో కష్టములన్నియు తీరినవని కాదు. పొణికి, అంకుడు అడవిచెట్లు. నరకినంత వేగముగా పెరుగవు. కొండపల్లివారు పొణికికర్రకై దూరపు అడవులపై ఆధారపడవలసివచ్చుచున్నది. అంకుడు మ్రాను బొమ్మకు పనికివచ్చుటకు ముందే వంటచెరకుగా పోవుట కలదు. కొలువుపెట్టెలోని విరిగిన గొల్లభామ మొండెము అట్టి యొక చెట్టు తునుకయే. ఆమెకు కడవ మరల అతుకుటకు కావలసినవి గుప్పెడు చింతపిక్కలు, కొంచెము రంపపుపొట్టు, ఒక మధ్యాహ్నము.